గోధుమ తుప్పు: తెగులుకు తలుపు తీసే జన్యువు ఎవరిది?

గోధుమలో ఒక జన్యువును పనిచేయకుండా చేస్తే తుప్పు తెగులు రాలేదని ఒక వార్త వస్తుంది. మరో వార్తలో తుప్పు శిలీంధ్రంలోని సంకేత జన్యువును అణిచివేసి తెగులు తగ్గించారని ఉంటుంది. చదివేవారికి రెండూ ఒకటే అనిపిస్తాయి, కానీ మొదటిది మొక్క జన్యువు, రెండోది శిలీంధ్రం జన్యువు. ఈ రెంటి మధ్య మూడో రకం కూడా ఉంది: శిలీంధ్రం తయారుచేసి మొక్క కణంలోకి పంపే ప్రోటీన్ల జన్యువులు. మూడింటినీ ‘తెగులుకు సాయపడే జన్యువులు’ అనే రాస్తారు. అయితే జన్యువు ఎవరిదో తెలియకపోతే దాన్ని ఏ పద్ధతితో ఆపాలి, ఆ రక్షణ ఎన్నాళ్లు నిలుస్తుంది, చట్టం దాన్ని ఎలా చూస్తుంది అనే ప్రశ్నల్లో దేనికీ సరైన జవాబు దొరకదు.

తుప్పు అంటే ఒక తెగులు కాదు

గోధుమను పట్టే తుప్పులు మూడు. కాండం మీద ఇటుక రంగు పొక్కులుగా మొదలై చివరికి నల్లబడేది నల్ల తుప్పు, దాని శిలీంధ్రం పక్సీనియా గ్రామినిస్. ఆకుల మీద నారింజ గోధుమ రంగు చుక్కలు వేసేది ఆకు తుప్పు, పక్సీనియా ట్రిటిసినా. ఈనెల వెంట పసుపు చారలు గీసేది పసుపు తుప్పు, పక్సీనియా స్ట్రయిఫార్మిస్. చలి ఇష్టపడే ఈ మూడోదే పంజాబ్, హర్యానా గోధుమ రైతుకు ఎక్కువ భయం.

తెలుగు నేల మీద గోధుమ ఆదిలాబాద్ వైపు కొద్దిగా తప్ప పెద్దగా లేదు. తుప్పులు మాత్రం మనకు బాగా తెలుసు. వేరుశనగ ఆకు అడుగున నారింజ పొక్కులు లేపే పక్సీనియా అరాకిడిస్ గోధుమ తుప్పులకు దగ్గరి చుట్టమే. మినుములో కుంకుమ తెగులు, కాఫీలో ఆకు తుప్పు కూడా ఈ వర్గానివే.

వీటన్నిటికీ ఉమ్మడి లక్షణం, బతికున్న మొక్క కణం లేకుండా బతకలేకపోవడం. నల్ల తుప్పు శిలీంధ్రం, పాప్లార్ చెట్టు తుప్పు శిలీంధ్రం జన్యుక్రమాలు 2011లో వెలువడినప్పుడు దీనికి కారణం కొంత తెలిసింది. నైట్రేట్‌ను సొంతంగా వాడుకోవడానికి కావలసిన జన్యువులు వీటిలో లేవు. గంధకం వాడుకునే దారి కూడా అసంపూర్తిగా ఉంది. మొక్కే వండి పెట్టాలి, మొక్క చచ్చిపోకూడదు. అందుకే తుప్పు శిలీంధ్రం మొక్కను చంపి తినే రకం కాదు, మొక్క రక్షణ వ్యవస్థ కళ్లు కప్పి వారాల తరబడి లోపల కాపురం పెట్టే రకం. ఒక్క ఆకు తుప్పు పొక్కు రోజుకు సుమారు 3,000 సిద్ధబీజాల చొప్పున ఇరవై రోజులకు పైగా గాలిలోకి వదులుతుంది.

సంకేత జన్యువు చేసే పని

కణం తన పరిసరాలను పైపొరలోని గ్రాహక ప్రోటీన్లతో పసిగడుతుంది. గట్టి అంచు తగిలినా, చక్కెర దొరికినా, శత్రువు వాసన వచ్చినా ముందు తెలిసేది గ్రాహకానికే. అది లోపలున్న మరో ప్రోటీన్‌ను మారుస్తుంది, అది ఇంకోదాన్ని మారుస్తుంది, చివరికి కబురు కేంద్రకానికి చేరి కొన్ని జన్యువులు పనిలోకి దిగుతాయి, కొన్ని ఆగిపోతాయి. ఈ వరుసలో తరచుగా కనిపించేవి కైనేజ్‌లు. ఒక ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ ముక్కను తగిలించి దాని పనితీరు మార్చడం కైనేజ్ పని. ఆ ముక్కను ఊడదీసేది ఫాస్ఫటేజ్. ఇలాంటి ప్రోటీన్లను తయారుచేయించేవే సంకేత జన్యువులు.

కైనేజ్ తనంతట తాను ఏమీ కట్టదు, ఏమీ తినదు, కబురు మాత్రం అందిస్తుంది. ఒకే కైనేజ్ కబురు ఒక చోట ఎదుగుదలకు, ఇంకో చోట రక్షణకు, మరో చోట పునరుత్పత్తికి పనికొస్తుంది. ఈ రంగంలో వచ్చే చిక్కుల్లో సగం ఇక్కడ పుట్టినవే.

జన్యువు పేరు చూసి అది ఎవరిదో చాలావరకు చెప్పేయవచ్చు. ముందు ‘పీటీ’ ఉంటే పక్సీనియా ట్రిటిసినాది, ‘పీఎస్’ ఉంటే పక్సీనియా స్ట్రయిఫార్మిస్‌ది. ‘టీఏ’ ఉంటే గోధుమది, ఎందుకంటే రొట్టె గోధుమ శాస్త్రీయ నామం ట్రిటికమ్ ఈస్టివమ్. కిందటి నాలుగేళ్లలో ఎక్కువగా వినపడిన టీఏపీఎస్‌ఐపీకే1 అనే పేరులో రెండూ ఉన్నాయి, అక్కడే పొరపాటు పడతారు. మొదటి అక్షరాలే లెక్క: అది గోధుమ జన్యువు, పసుపు తుప్పు సోకినప్పుడు చురుకయ్యేది కనుక మధ్యలో ‘పీఎస్’ చేరింది.

మంచు ఆరేలోగా ముగియాల్సిన పని

ఆకు తుప్పు సిద్ధబీజం గోధుమ ఆకు మీద పడింది అనుకుందాం. 15–20 డిగ్రీల వేడి, ఆకు మీద కొన్ని గంటలు నిలిచే మంచు తడి ఉంటే బీజం మొలిచి సన్నని నాళం సాగుతుంది. సిద్ధబీజంలో ఉన్న కొవ్వు నిల్వే దానికి ఆహారం, బయట నుంచి ఏమీ దొరకదు. దారి తప్పినా, మధ్యలో మంచు ఆరిపోయినా నాళం ఎండిపోతుంది. ప్రతి మలుపులోనూ సరైన సంకేతం సరైన గంటకు అందాల్సిన అవసరం ఇక్కడి నుంచే వచ్చింది.

గోధుమ ఆకు మీద పత్రరంధ్రాలు ఈనెల వెంట వరుసలుగా ఉంటాయి. మొలక నాళం ఈనెలకు అడ్డంగా పెరుగుతుంది. నిలువుగా పోతే రెండు వరుసల మధ్య ఖాళీలోనే పొద్దు గడిచిపోవచ్చు, అడ్డంగా పోతే ఏదో ఒక వరుస తగలక తప్పదు. నాళానికి దిక్కు చూపేది ఆకు ఉపరితలం మీది ఎత్తుపల్లాలే.

ఈ సంగతి తేల్చిన ప్రయోగం గోధుమ మీద కాదు, చిక్కుడు జాతి బీన్స్‌ను పట్టే యూరోమైసిస్ తుప్పు మీద జరిగింది. ప్లాస్టిక్ పలకల మీద రకరకాల ఎత్తుల్లో సన్నని గట్లు చెక్కి వాటి మీద సిద్ధబీజాలను మొలిపించారు. 1987లో వచ్చిన ఫలితం ప్రకారం గట్టు ఎత్తు 0.5 మైక్రాన్ దగ్గర ఉన్నప్పుడు నాళం కొస ఉబ్బి, అతుక్కునే తిత్తి (అప్రెసోరియం) బాగా ఏర్పడింది. ఎత్తు 0.25 మైక్రాన్ కంటే తగ్గినా, 1 మైక్రాన్ దాటినా బాగా పడిపోయింది. బీన్స్ ఆకు పత్రరంధ్రం పెదవి ఎత్తు కూడా 0.5 మైక్రాన్‌కు దగ్గరగానే ఉంటుంది. ప్లాస్టిక్‌లో మొక్క రసాయనం ఏదీ లేదు కాబట్టి, కేవలం ఆకారమే సంకేతం కాగలదని దీంతో రుజువైంది.

ఆ తిత్తి నుంచి సన్నని మేకులాంటి పోగు పత్రరంధ్రంలోకి దిగుతుంది. లోపల ఒక బుడగ, దాని నుంచి దారాలు, దారం కొస మొక్క కణానికి తగిలిన చోట హాస్టోరియం ఏర్పడతాయి. హాస్టోరియం కణం గోడను చీల్చి లోపలికి వెళుతుంది గానీ కణపు పొరను చింపదు. పొర లోపలికి నొక్కుకుపోయి దాని చుట్టూ సంచిలా అమరుతుంది. చక్కెర లాగేది ఈ హాస్టోరియమే. బాకలా జాతి బీన్స్ తుప్పులో హెచ్‌ఎక్స్‌టీ1 అనే చక్కెర రవాణా ప్రోటీన్ సరిగ్గా హాస్టోరియం పొర మీదే ఉంటుందని 2001లో తేలింది. శిలీంధ్రం ప్రోటీన్లు మొక్క కణంలోకి దిగేది కూడా ముఖ్యంగా ఇక్కడి నుంచే.

పసుపు తుప్పు దారి కాస్త వేరు. చల్లని రాత్రుల్లో, 10 డిగ్రీల చుట్టూ హాయిగా మొలుస్తుంది. స్పష్టమైన తిత్తి కట్టకుండా నాళం నేరుగా పత్రరంధ్రంలోకి దూరుతుంది.

శిలీంధ్రం సొంత కబుర్లు: మూడు దారులు

మొదటిది మ్యాప్ కైనేజ్ దారి. ఇందులో మూడు కైనేజ్‌లు వరుసగా ఒకదాన్నొకటి మేల్కొలుపుతాయి. తెగులు పుట్టించడంలో దీని పాత్ర మొదట బాగా తేలింది వరి అగ్గి తెగులులో. 1996లో ఆ శిలీంధ్రంలోని పీఎంకే1 అనే మ్యాప్ కైనేజ్ జన్యువును తీసేస్తే అది తిత్తి కట్టలేకపోయింది, వరిని పట్టలేకపోయింది. ఆకు తుప్పులో దీనికి సరిజోడు పీటీమ్యాప్‌కే1. పసుపు తుప్పులో ఇదే దారిలో ఒక మెట్టు పైనుండే కైనేజ్ పీఎస్‌ఫజ్7.

రెండోది సైక్లిక్ ఏఎంపీ దారి. బయటి కబురు అందగానే కణంలో సైక్లిక్ ఏఎంపీ అనే చిన్న అణువు పెరుగుతుంది. అది ప్రోటీన్ కైనేజ్ ఏ అనే ఎంజైమ్‌ను పట్టి ఉంచే భాగాన్ని విడిపిస్తుంది. విడుదలయ్యే చురుకైన భాగమే పసుపు తుప్పులో పీఎస్‌సీపీకే1.

మూడోది కాల్షియం దారి. కణంలో కాల్షియం పెరిగితే కాల్సిన్యూరిన్ అనే ఫాస్ఫటేజ్ చురుకవుతుంది. దీనికి ఏ, బీ అని రెండు భాగాలు. ఆకు తుప్పులో బీ భాగం జన్యువు పీటీసీఎన్‌బీ. అవయవ మార్పిడి చేయించుకున్నవారికి ఇచ్చే సైక్లోస్పోరిన్ మందు మన కణాల్లో అణిచేది కూడా కాల్సిన్యూరిన్‌నే. ఆ మందు నేరుగా కాకుండా సైక్లోఫిలిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుని పనిచేస్తుంది. ఆకు తుప్పులో ఆ సైక్లోఫిలిన్‌కు చుట్టమైన పీటీసీవైసీ1 కూడా పరిశోధకుల జాబితాలో ఉంది.

పళ్లెంలో పెరగని శిలీంధ్రంలో జన్యువు పని ఎలా తేల్చారు

వరి అగ్గి తెగులు శిలీంధ్రాన్ని పళ్లెంలో పెంచవచ్చు, జన్యువు తీసేయవచ్చు, తెగులు పుడుతుందో లేదో చూడవచ్చు. తుప్పుతో అది దాదాపు కుదరదు. అందుకని రెండు పక్కదారులు పట్టారు.

ఒకటి అరువు పరీక్ష. పీటీమ్యాప్‌కే1ను మొక్కజొన్న కాటుక తెగులు శిలీంధ్రంలో, దాని సొంత మ్యాప్ కైనేజ్ చెడిపోయిన రకంలో పెట్టారు. పోయిన పని తిరిగి వచ్చింది. జన్యువు ఏ కోవదో దీనితో తెలుస్తుంది గానీ, గోధుమ ఆకులో అది ఏం చేస్తోందో తెలియదు.

రెండోది మొక్క చేతనే శిలీంధ్రం జన్యువు నోరు మూయించడం. తీరు ఇలా ఉంటుంది. బార్లీ చారల మొజాయిక్ వైరస్ అనే వైరస్‌కు మూడు ఆర్‌ఎన్‌ఏ ముక్కలు ఉంటాయి. వాటిలో గామా ముక్కలోకి తుప్పు జన్యువు నుంచి రెండు మూడు వందల అక్షరాల (జన్యుక్రమంలోని బేస్‌ల) భాగాన్ని అతికిస్తారు. రెండాకుల దశలో ఉన్న గోధుమ నారు ఆకు మీద దీన్ని రుద్దుతారు. వైరస్ పెరుగుతుంటే మొక్క తన అలవాటు ప్రకారం ఆ ఆర్‌ఎన్‌ఏను సుమారు 21 అక్షరాల తునకలుగా కోస్తుంది. పక్కనే కొన్ని మొక్కలకు అణిస్తే ఆకు తెల్లబడే పీడీఎస్ అనే గోధుమ జన్యువు ముక్క ఉన్న వైరస్ ఇస్తారు. సుమారు పది పన్నెండు రోజులకు అవి తెల్లబడితే వ్యవస్థ పనిచేస్తోందని గుర్తు. అప్పుడు నాలుగో ఆకు మీద తుప్పు సిద్ధబీజాలు చల్లి, ఒక రోజు చీకట్లో చల్లగా, తడిగా ఉంచి, రెండు వారాలకు పొక్కులు లెక్కపెడతారు. హాస్టోరియం గుండా ఆ తునకలు శిలీంధ్రంలోకి చేరి, దానిలో ఆ జన్యువు కబురు మోసే, తమతో సరిపోలే ఆర్‌ఎన్‌ఏను నాశనం చేస్తాయి.

కెనడా పరిశోధకులు 2013లో పీటీమ్యాప్‌కే1, పీటీసీవైసీ1, పీటీసీఎన్‌బీ మూడింటినీ ఇలా అణిచినప్పుడు ఆకు తుప్పు తగ్గింది. మిగతా రెండు తుప్పులు కూడా తగ్గాయి, ఎందుకంటే ఈ జన్యువుల అక్షరాలు మూడు శిలీంధ్రాల్లోనూ బాగా కలుస్తాయి. వైరస్ లేకుండా, గోధుమలోనే శాశ్వతంగా ఆ ముక్కను చేర్చిన పరీక్షలు తర్వాత వచ్చాయి. చైనాలోని నార్త్‌వెస్ట్ ఏ అండ్ ఎఫ్ విశ్వవిద్యాలయం వారు పీఎస్‌ఫజ్7 (2017), పీఎస్‌సీపీకే1 (2018) మీద చేసినవి వాటిలో ముఖ్యమైనవి. ఆ గోధుమల్లో పసుపు తుప్పు దారాలు సరిగా విస్తరించలేదు.

ఈ పద్ధతి బలం ఒక చిన్న లెక్కలో కనిపిస్తుంది. అతికించిన భాగం 300 అక్షరాలు అనుకుంటే అందులో వరుసగా 21 అక్షరాలుండే ముక్కలు, అంటే కిటికీలు, 280 వస్తాయి (300 – 21 + 1). శిలీంధ్రం జన్యువులో మధ్యన ఒక అక్షరం మారితే దెబ్బతినేది 21 కిటికీలే. మిగతా 259 అలాగే పనికొస్తాయి. అంటే ఒక్క అక్షరం మార్చుకుని తప్పించుకోవడం శిలీంధ్రానికి కష్టం.

బలహీనతలు కూడా అంతే గట్టివి. అణచివేత ఎప్పుడూ సంపూర్ణం కాదు కనుక పొక్కులు తగ్గుతాయి, చిన్నబోతాయి, అంతే తప్ప పూర్తిగా పోవు. వైరస్ సోకడమే మొక్క రక్షణను కదిలిస్తుంది కాబట్టి ఏ ముక్కా అతికించని వైరస్ ఇచ్చిన మొక్కలను పక్కన పెట్టి పోల్చకపోతే ఫలితానికి విలువ లేదు. అతికించే భాగం గోధుమ జన్యువులతో 21 అక్షరాల మేర కలిసినా గోధుమే దెబ్బతింటుంది.

ఇంకో లోపాన్ని వార్తలు దాదాపు ఎప్పుడూ చెప్పవు. ఆర్‌ఎన్‌ఏ తునకలు దాటేది హాస్టోరియం ఏర్పడ్డాకే. దానికి ముందు జరిగేవి, అంటే మొలకెత్తడం, దిక్కు వెతకడం, తిత్తి కట్టడం, అన్నీ ఈ పరీక్షకు అందవు. తుప్పు తిత్తి కట్టడానికి మ్యాప్ కైనేజ్ కావాలని అంటున్నామంటే అది ఎక్కువగా అగ్గి తెగులు శిలీంధ్రాన్ని చూసి వేసిన అంచనా. ‘ఇది తెగులు జన్యువు’ అన్న మాటలోనూ ఒక మడత ఉంది. కాల్సిన్యూరిన్ లాంటివి కణం బతకడానికే కావాలి. దాన్ని అణిస్తే పొక్కులు తగ్గాయంటే మొక్కను పట్టే నేర్పు పోయిందా, లేక శిలీంధ్రమే నీరసించిందా అనేది ఒక్క పొక్కుల లెక్కతో తేలదు. పంటను కాపాడాలనుకునేవారికి ఈ తేడా పట్టదు, తెగులు ఎలా సోకుతుందో తెలుసుకోవాలనుకునేవారికి మాత్రం అదే అసలు ప్రశ్న.

మొక్కలోకి దిగే దూతలు

నల్ల తుప్పు శిలీంధ్రంలో బయటికి స్రవించే చిన్న ప్రోటీన్ల జన్యువులు వెయ్యికి పైగా కనిపించాయి. వీటిలో మొక్క కణంలో దిగి రక్షణను మందగింపజేసేవాటిని ఎఫెక్టార్లు అంటారు. ప్రోటీన్లే కాదు, పసుపు తుప్పు ఒక చిన్న ఆర్‌ఎన్‌ఏను కూడా పంపి గోధుమ రక్షణ జన్యువును అణుస్తుందని 2017లో చూపారు. మనం దాని మీద ప్రయోగించే ఉపాయం అది ముందే మన పంట మీద వాడుతోందన్నమాట.

మొక్క కొన్ని ఎఫెక్టార్లను గుర్తుపట్టగలదు. నల్ల తుప్పును ఆపే ఎస్ఆర్35 అనే నిరోధక జన్యువు ఇలాంటిదే. దాని ప్రోటీన్ ఏవీఆర్ఎస్ఆర్35 అనే ఎఫెక్టార్‌ను పట్టుకోగానే ఐదు కలిసి గుమిగూడి, కణంలోకి కాల్షియం వచ్చే దారి తెరుస్తాయి, కణం తనను తాను చంపుకుంటుంది. బతికున్న కణమే ఆహారమైన తుప్పుకు ఆ చావు ఆకలి చావు. 2022లో ఈ ఐదింటి కూటమి ఆకారాన్ని కూడా చూడగలిగారు. అయితే పట్టుబడే ఎఫెక్టార్ జన్యువు చెడిపోతే చాలు, శిలీంధ్రం మళ్లీ కనపడకుండా తిరుగుతుంది. ఏవీఆర్ఎస్ఆర్35 విషయంలో జన్యువులోకి ఒక గెంతే డీఎన్‌ఏ ముక్క వచ్చి చొరబడితే సరిపోయింది. ఉగాండాలో 1998లో దొరికిన యూజీ99 అనే నల్ల తుప్పు రకం అప్పటివరకు ప్రపంచమంతా నమ్ముకున్న ఎస్ఆర్31 అనే నిరోధక జన్యువును తప్పించుకుంది. ఎస్ఆర్31 అప్పటికి దేశాల కొద్దీ గోధుమ రకాల్లో ఉంది, మన పీబీడబ్ల్యూ 343లో కూడా.

ఇంటి దొంగ: టీఏపీఎస్‌ఐపీకే1

ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. గోధుమలో ఆ దొంగను 2022లో పట్టారు. టీఏపీఎస్‌ఐపీకే1 గోధుమ కణంలోని కైనేజ్. పసుపు తుప్పు పంపే పీఎస్‌ఎస్‌పీజీ1 అనే ఎఫెక్టార్ దాన్ని పట్టుకుని మరింత చురుగ్గా చేస్తుంది, కేంద్రకంలోకి పోయేలా చేస్తుంది. కేంద్రకంలో అది టీఏసీబీఎఫ్1డీ అనే మరో గోధుమ ప్రోటీన్ మీద ఫాస్ఫేట్ తగిలిస్తుంది. దాంతో కొన్ని జన్యువుల పని మారి, మొక్క రక్షణ సడలుతుంది. అంటే శిలీంధ్రం తన సొంత సంకేతం కాకుండా గోధుమ సంకేత వ్యవస్థనే తన పనికి వాడుకుంటోంది.

ఇలాంటి మొక్క జన్యువులను గ్రహణశీల జన్యువులు అంటారు, ఇవి ఉన్నందువల్లే మొక్కకు తెగులు తేలిగ్గా సోకుతుంది. కోరుకున్న చోట డీఎన్‌ఏను కత్తిరించే క్రిస్పర్ పద్ధతితో టీఏపీఎస్‌ఐపీకే1ను చెడగొట్టిన గోధుమ పసుపు తుప్పులోని వేర్వేరు జాతులను తట్టుకుంది. రెండేళ్ల పొలం పరీక్షల్లో ఎదుగుదల, దిగుబడి తగ్గలేదని పరిశోధకులు చెప్పారు.

దీన్ని చూసి కైనేజ్‌లన్నీ తెగులుకు తోడుదొంగలు అనుకుంటే తప్పు. పసుపు తుప్పును బాగా ఆపే వైఆర్15 అనే జన్యువు కూడా రెండు కైనేజ్ భాగాలు కలిసిన ప్రోటీన్‌నే తయారుచేస్తుంది. ఒక కైనేజ్‌ను తీసేస్తే రక్షణ, ఇంకో కైనేజ్‌ను చేరిస్తే రక్షణ.

ఏది ఎక్కువ కాలం నిలుస్తుంది?

నిరోధక జన్యువులను నమ్మేవారి వాదన సూటిగా ఉంటుంది. అవి బాగా పనిచేస్తాయి, సంకరంతోనే చేర్చవచ్చు, రెండు మూడు కలిపితే శిలీంధ్రం ఒకేసారి అన్నిటినీ తప్పించుకోవడం కష్టం. వేరుశనగలో ఇదే దారి పట్టారు. అరాకిస్ కార్డెనాసి అనే అడవి జాతి నుంచి వచ్చిన తుప్పు నిరోధకతను జీపీబీడీ 4 రకం నుంచి ఐసీజీవీ 91114, జేఎల్ 24, టీఏజీ 24 రకాల్లోకి డీఎన్‌ఏ గుర్తుల సాయంతో ఎక్కించిన పనిలో పటాన్‌చెరు ఇక్రిశాట్‌ది ముఖ్యపాత్ర.

గ్రహణశీల జన్యువును తీసేయాలనేవారు బార్లీ వైపు చూపిస్తారు. బూడిద తెగులుకు తలుపు తీసే ఎంఎల్ఓ జన్యువు చెడిపోయిన బార్లీ రకాలు 1979 నుంచి ఐరోపాలో సాగులో ఉన్నాయి, ఇప్పటికీ నిలిచాయి. ఎఫెక్టార్ ఒకటి పోగొట్టుకుని తప్పించుకోవడం ఇక్కడ చెల్లదు, శిలీంధ్రం కొత్త దారే వెతుక్కోవాలి. ప్రత్యర్థుల దగ్గరా బార్లీ సాక్ష్యమే ఉంది. ఎంఎల్ఓ లేని బార్లీలో ఆకుల మీద చచ్చిన మచ్చలు వస్తాయి, ఆకు ముందే పండుతుంది, వరి అగ్గి తెగులు శిలీంధ్రానికి ఆ బార్లీ మరింత లొంగుతుంది. కైనేజ్‌కు వేరే పనులూ ఉంటాయని ముందే చెప్పుకున్నాం. రెండేళ్ల పొలం పరీక్షలు వేర్వేరు నేలలు, వడగాలులు, ఇతర తెగుళ్ల మధ్య ఆ మొక్క ఎలా ఉంటుందో చెప్పడానికి చాలవు. ఎఫెక్టార్లు వందల్లో ఉన్న శిలీంధ్రం ఒక్క తలుపు మూస్తే ఆగిపోతుందా అనే సందేహం కూడా న్యాయమైనదే. నా లెక్కలో ఈ రెండో సందేహం కంటే మొదటిదే బరువైనది, ఎందుకంటే అది బార్లీ పొలంలో జరిగిపోయిన సంగతి.

64లో ఒకటి, 256లో ఒకటి

ఆపే పద్ధతి చట్టాన్ని కూడా మారుస్తుంది. శిలీంధ్రం జన్యువు ముక్కను గోధుమలో శాశ్వతంగా చేర్చితే అది జన్యుమార్పిడి పంట, అనుమతి కేంద్రంలోని జన్యు ఇంజినీరింగ్ మదింపు కమిటీ (జీఈఏసీ) గుండా రావాలి. గోధుమ సొంత జన్యువును క్రిస్పర్‌తో చెడగొట్టి, బయటి డీఎన్‌ఏ ఏదీ మిగలకుండా చూస్తే అది ఎస్‌డీఎన్-1 కోవలోకి వస్తుంది. 2022 మార్చి 30న కేంద్ర పర్యావరణ శాఖ ఈ కోవను జన్యుమార్పిడి జీవులను నియంత్రించే 1989 నియమాల్లోని 7 నుంచి 11 వరకు ఉన్నవాటి నుంచి మినహాయించింది. ఈ మినహాయింపు కింద 2025 మే నెలలో ప్రకటించిన రెండు వరి రకాలకూ మూలం మన వరే. సాంబమసూరి నుంచి హైదరాబాద్ భారత వరి పరిశోధన సంస్థ తెచ్చిన డీఆర్ఆర్ ధన్ 100 (కమల) ఒకటి, ఎంటీయూ 1010 నుంచి వచ్చిన పూసా డీఎస్‌టీ రైస్ 1 రెండోది.

వరిలో సాధ్యమైంది గోధుమలో అంత సులువు కాదు. గోధుమలో ఏ, బీ, డీ అని మూడు జన్యు సముదాయాలు ఉంటాయి, కనుక చాలా జన్యువులు మూడేసి చోట్ల, ఒక్కో చోట రెండు ప్రతుల చొప్పున ఉంటాయి. ఒక్కటి మిగిలినా శిలీంధ్రానికి తలుపు ఉన్నట్టే, అంటే ఆరు ప్రతులూ చెడాలి. మూడు చోట్లా ఒక్కో ప్రతి మాత్రమే చెడిన మొక్కను సొంత పరాగంతో పండిస్తే, ఆరూ చెడిన పిల్ల మొక్క వచ్చే అవకాశం ¼ × ¼ × ¼, అంటే 64లో ఒకటి. ఆ మొక్కలో క్రిస్పర్ యంత్రాంగం డీఎన్‌ఏ కూడా ఒకే చోట, ఒకే ప్రతిగా ఉందనుకుంటే, అది వదిలిపోయిన పిల్ల మొక్క కావాలంటే ఇంకో ¼ తగులుతుంది, 256లో ఒకటి.

అలా దొరికిన మొక్క కూడా సాధారణంగా ప్రయోగశాలలో తేలిగ్గా మార్పు చేయగలిగే ఫీల్డర్ లాంటి రకానిదే అవుతుంది. మన రైతులు పండించే రకంలోకి ఆ లక్షణాన్ని మళ్లీ మళ్లీ సంకరం చేసి తేవాలి, ప్రతిసారీ మూడు చోట్లా చెడిన ప్రతులు కలిసి ఉన్నాయో లేదో చూడాలి. తర్వాత దేశంలో అప్పుడు తిరుగుతున్న తుప్పు జాతులతో నారు దశలో ఒకసారి, పెరిగిన మొక్కల్లో ఒకసారి పరీక్షించాలి, ఎందుకంటే నారులో ఆగిన జాతి కంకి దశలో ఆగకపోవచ్చు. కె.సి. మెహతా 1930లో సిమ్లా ఫ్లవర్‌డేల్‌లో మొదలుపెట్టిన కేంద్రం ఏటా పొలాల నుంచి వచ్చిన తుప్పు ఆకులను చూసి జాతులను గుర్తిస్తూ, ఆ పరీక్షలకు కావలసిన సిద్ధబీజాలను ఇంకా బతికించి ఉంచుతోంది.